కీ ఇచ్చే వేళ్ళు

నేను ఒక ఆడవాళ్ళ చేతివాచీని. కీ ఇస్తేనే బతుకుతాను. ఇవ్వడం మానేస్తే ఒకటిన్నర రోజులో ఆగిపోతాను. మళ్ళీ ఎవరైనా కీ తిప్పితే లేచి కూర్చుంటాను. ఈ సౌకర్యం మీ మనుషులకు లేదు. అందుకేనేమో మీరు నా ముఖం చూసినప్పుడల్లా కంగారుపడతారు.

నేను అర్ధరూపాయి బిళ్ళంత ఉంటాను. లోపల చుట్టలు చుట్టుకున్న ఉక్కు స్ప్రింగు ఉంది. కీ తిప్పితే అది బిగుసుకుంటుంది. బిగుసుకున్నది ఒక్కసారిగా విప్పుకుని పారిపోవాలని చూస్తుంది. దాన్ని పళ్ళచక్రాలు పట్టి ఆపుతాయి. చిట్టచివర, వెంట్రుక కంటే సన్నని ఇంకో స్ప్రింగు మీద ఒక చిన్న చక్రం అటూ ఇటూ ఊగుతుంటుంది. ఊగినప్పుడల్లా ఒక్క పన్నును మాత్రం వదులుతుంది. మీరు వినే టిక్ టిక్ అదే. లోపల బిగుసుకున్న భయాన్ని కొంచెం కొంచెంగా బయటికి వదలడం, అంతకంటే నేను చేసేది ఏమీ లేదు.

మంచుకొండల మధ్య ఒక దేశంలో పుట్టాను. పొడవాటి బల్ల ముందు కూర్చున్న ఒక అమ్మాయి ఊపిరి బిగబట్టి నా చక్రాలు అమర్చింది. గట్టిగా ఊపిరి వదిలితే ఎగిరిపోతాయని ఆమె భయం. అలా భయంలోనే పుట్టాను. తర్వాత ఓడెక్కి మద్రాసు వచ్చి, అక్కడి నుంచి గుంటూరులో ఒక ప్రసూతి ఆసుపత్రి డాక్టరమ్మ చేతికి చేరాను. ఆమె పదవీ విరమణ చేసిన రోజు నన్ను విప్పి, హైమావతి అనే కుర్ర నర్సు చేతికి కట్టింది.

"నాడి చూసేటప్పుడు గోడ గడియారం వంక చూడకు హైమా. పేషంటు కూడా అటే చూస్తుంది, ఇంకా భయపడుతుంది. దీన్ని చూడు" అంది.

అప్పటి నుంచి హైమావతి చేతిమీదే నా కాపురం. ఆమె ఎడమ మణికట్టు మీద నేను, ఆమె వేళ్ళ కింద ఎవరిదో ఒక నాడి. ఎన్ని నాడులు విన్నానో. ప్రసవానికి ముందు ఆడవాళ్ళ నాడి ఎలా పరుగెత్తుతుందో, బిడ్డ ఏడుపు వినగానే ఎలా నెమ్మదిస్తుందో నాకు తెలుసు. హైమావతి జుట్టు నెరిసింది. భర్త పోయాడు. ఆమె మాత్రం రోజూ పొద్దున స్నానం చేసి, కాఫీకి ముందు, నన్ను చేతిలోకి తీసుకుని కీ ఇచ్చేది. ఆఖరి తిప్పు దగ్గర వేళ్ళు మెత్తబడేవి. ఇక చాలని వాటికే తెలిసేది.

ఏడాదికోసారి నన్ను పట్నం బజారులో సుభానీ కొట్టుకు తీసుకెళ్ళేది. అది కొట్టు కాదు, షట్టరు పెట్టిన బీరువా. సుభానీకి కుక్కలంటే భయం, పోలీసులంటే భయం, ఉరుములంటే భయం. నోటికి మాత్రం ఏ భయమూ లేదు. కంటికి అద్దం పెట్టుకుని నా పొట్ట విప్పుతూ ఆపకుండా వాగేవాడు.

"సిస్టరమ్మా, చేతికి ఉంచుకుని కీ ఇవ్వమాకండి. కాడ వంగుద్ది. మీరు ఇవ్వరులే, మీ చెల్లెళ్ళుంటే చెప్పండి. ఈ కాలం పిల్లలకి కీ అంటే ఏందో తెలవదు. అన్నీ సెల్ వాచీలే. నా తర్వాత దీన్ని విప్పేవాడు గుంటూరులో లేడు."

"నీ తర్వాత సంగతి తర్వాత. ముందు స్క్రూ చూసుకో" అనేది హైమావతి.

స్క్రూ మాట ఆ కొట్టులో గట్టి మాట. నా స్క్రూలు ఆవగింజలో సగం ఉండవు. ఒకటి కిందపడితే కొట్టులో ఉన్నవాళ్ళెవరూ కాలు కదపకూడదు. అది దొరికేదాకా రాయిలా నిలబడాల్సిందే. ఒకసారి ఎవరో పెద్దమనిషి ఒంటికాలి మీద చాలాసేపు నిలబడి, దొరికాక సుభానీని బూతులు తిట్టి వెళ్ళాడు.

ఇక అసలు సంగతి.

హైమావతి భర్తకు అన్న ఉన్నాడు. పేరు పున్నారావు. మిర్చి వ్యాపారి. ఒకరోజు తెల్లారగట్ల డ్యూటీ దిగి వస్తున్న హైమావతి, అతను తన గోడౌను తలుపుకు బయట తాళం వేసి గబగబా కారెక్కడం చూసింది. ఆ వెంటనే కిటికీలోంచి పొగ. అలవాటు కొద్దీ నా వంక చూసి టైము గుర్తుపెట్టుకుంది. పుచ్చిపోయిన సరుకును ఇన్సూరెన్సు కోసం తగలబెట్టాడని తర్వాత తెలిసింది. లోపల వాచ్‌మన్ ఏసోబు నిద్రపోతున్నాడన్న సంగతి పున్నారావుకు తెలుసో తెలియదో, అది అతనికే తెలియాలి. ఏసోబు మాత్రం బయటికి రాలేదు.

చూసింది చూసినట్టు కోర్టులో చెబుతానని హైమావతి అంది. ఆ ఒక్క సాక్ష్యం మీదే కేసు నిలబడింది. వాయిదా దీపావళి తర్వాత పడింది.

దసరాకి ముందు పున్నారావు ఆసుపత్రి గేటు దగ్గరికి కారులో వచ్చాడు. కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. "అమ్మకి ఊపిరాడట్లేదమ్మా హైమా. కేసు సంగతి దేవుడెరుగు, ఒక్కసారి వచ్చి చూడు" అన్నాడు. ఊపిరాడటం లేదంటే ఆగే మనిషి కాదు హైమావతి. కారెక్కింది. కారు అత్తగారింటికి పోలేదు.

ఊరి బయట వాడకుండా వదిలేసిన ఇంకో మిర్చి గోడౌను ఉంది. తలుపుకు బయట తాళం పడింది. ఆమె ఫోన్‌లోంచే ఆసుపత్రికి మెసేజ్ వెళ్ళింది, కాశీ యాత్రకు పోతున్నానని.

ఆ గోడౌనులో గాలి కూడా ఎర్రగా ఉండేది. ఖాళీ గోతాల్లోంచి మిరప దుమ్ము రేగేది. హైమావతి కళ్ళు వాచాయి. తుమ్మి తుమ్మి గొంతు పోయింది. అరిచినా వినేవాళ్ళు లేరు. పైన వెంటిలేటరులోంచి వెలుగు పడగానే ఆమె నాకు కీ ఇచ్చేది. తర్వాత తన నాడి తనే పట్టుకుని నా సెకన్ల ముల్లు వంక చూసేది. కీ కాడ దూరే సందులోంచి ఆ దుమ్ము కొంచెం కొంచెంగా నాలోకి దిగింది. నూనెకు అంటుకుంది. నా చక్రాలు బరువెక్కాయి. అయినా ఆమె కోసం తిరిగాను.

అన్నం తెచ్చేది కోటేశ్వరి. పున్నారావు రెండో భార్య, అతనిలో సగం వయసు. తాళంచెవి ఆమె నడుముకే వేలాడేది.

"తిను అక్కా. తినకపోతే నా మీద అరుస్తాడు."

"తలుపు తీస్తే ఇద్దరం పోవచ్చు కోటేశ్వరీ."

"అమ్మో! నన్ను చంపేస్తాడు." ఆ మాటనేటప్పుడు కూడా ఆమె చూపు నా మీదే. "నీ వాచీ భలే ఉంటదక్కా. రేగుపండంత."

మనుషులు ఇంతే. పక్కమనిషి ప్రాణం పోతుందని తెలిసినా, ఆమె చేతికున్నది బాగుందో లేదో చూడకుండా ఉండలేరు. కోటేశ్వరిని తప్పుపట్టను. ఆ ఇంట్లో ఆమె ఆశపడగలిగింది నా అంత చిన్న వస్తువుల మీదే.

ఒక సాయంత్రం పున్నారావు తలుపు బయట నిలబడి ఫోన్‌లో మాట్లాడుతున్నాడు.

"దీపావళి నాడు ఊరంతా టపాకాయలు కాలుస్తారు గదా. ఏ రవ్వ వచ్చి ఏ గోతాం మీద పడిందో ఎవడు చూడొచ్చాడు? పెట్రోలు డబ్బా తెచ్చి ఇంట్లో పెట్టా. నువ్వు నోరు మూసుకో."

నా కింద హైమావతి నాడి నన్ను దాటి పరుగెత్తింది. చాలాసేపటికి గానీ నా వెనక్కి రాలేదు.

మర్నాడు పొద్దున ఆమె నాకు నిండుగా కీ ఇచ్చింది. ఆ తర్వాత ఎన్నడూ లేనిది, వేలితో నా ముఖం నిమిరింది. నాకు భయం వేసింది. కోటేశ్వరి అన్నం తీసుకుని రాగానే నన్ను విప్పి ఆమె చేతిలో పెట్టింది.

"పండక్కి నువ్వు పెట్టుకో."

"నిజంగానా? మరి నీకో?"

"ఇక్కడ నాకు టైముతో పనేముంది? కాకపోతే దీంట్లో సెల్ అయిపోవచ్చింది. ఆగిపోతే పట్నం బజారులో సుభానీ దగ్గరికి తీసుకెళ్ళు. ఇంత చిన్న సెల్ అతని దగ్గరే దొరుకుద్ది. నా వాచీ అని చెప్పు, వెంటనే వేస్తాడు."

నాలో సెల్ లేదు. ఎప్పుడూ లేదు. ఆ సంగతి హైమావతికి తెలుసు, సుభానీకి తెలుసు, కోటేశ్వరికి తెలియదు. అప్పుడు అర్థమైంది నాకు, ఆమె నన్ను ఏ పనికి పంపుతోందో. ఆగిపోతానేమోనని జీవితమంతా భయపడినదాన్ని. ఇప్పుడు ఆగిపోవడమే నా పని. అదీ దీపావళి లోపల ఆగాలి.

ఆ సాయంత్రమే పున్నారావు నన్ను చూశాడు.

"ఇదెక్కడిది?"

"అక్క ఇచ్చింది."

"నీకసలు బుద్ధుందా? ఊళ్ళో సగం మంది గుర్తుపడతారు దీన్ని!" అంటూ కోటేశ్వరి చేతినుంచి లాగాడు. అతను కీ వాచీలు కట్టిన కాలంవాడు. మాట్లాడుతుండగానే బొటనవేలు దానంతట అదే నా కీ మీదికి పోయింది. ఒక తిప్పు. ఇంకో తిప్పు. ప్రతి తిప్పూ నాకు ప్రాణం పోస్తోంది, హైమావతికి తీస్తోంది. ఇంకొక్క మాట, 'ఇది కీ వాచీ గదే' అని ఒక్క మాట అంటే అంతా అయిపోయినట్టే. అతని ఫోను మోగింది. నన్ను మంచం మీదికి విసిరి, "కాలవలో పడెయ్ దీన్ని" అంటూ బయటికి పోయాడు.

కోటేశ్వరి కాలవకు పోలేదు. నన్ను కందిపప్పు డబ్బాలో దాచింది. పండగనాడు పుట్టింటికి వెళ్ళమన్నాడు మొగుడు, అక్కడ పెట్టుకోవచ్చని ఆశ. పప్పులో మునిగి, చీకట్లో, నేను నా శక్తి తరిగిపోవడం కోసం ఎదురుచూశాను. స్ప్రింగు వదులవుతోంది. ఊపు చిన్నదవుతోంది. ఇంకా ఆగలేదు. ఇంకా ఆగలేదు. బయట పిల్లలు అప్పుడే సీమటపాకాయలు మొదలుపెట్టారు. చివరికి ఒక ఊపు సగంలోనే నిలిచిపోయింది.

ఆగిన వాచీ చెవిటిది కాదు. డబ్బా మూత తీసిన చప్పుడు విన్నాను. కోటేశ్వరి నన్ను చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. "అయ్యో, సెల్ అయిపోయిందే" అంది. పండగకు ముందు రోజు పొద్దున, మిఠాయిలు కొనే వంకతో పట్నం బజారు వచ్చింది.

"సెల్ ఏసియ్యండి. తొందరగా."

సుభానీ నవ్వాడు. "దీనికి సెల్ ఏందమ్మాయ్?" అంటూనే అతని బొటనవేలు నా కీ మీదికి వచ్చింది. తిప్పితే నేను నడుస్తాను. నడిస్తే ఈమె తీసుకుని వెళ్ళిపోతుంది. తిప్పకు సుభానీ, తిప్పకు. అంతలో నన్ను గుర్తుపట్టాడు.

"ఇది సిస్టరమ్మది గదా?"

"అవును, మా అక్కే. దసరాకి ముందు కాశీకి పోతా పోతా నాకిచ్చింది. ఆగిపోతే మీ దగ్గరే సెల్ ఏయించమంది."

"ఎప్పుడాగింది?"

"మొన్నటిదాకా బానే తిరిగింది. నేనేం చెయ్యలా, పడెయ్యలా. దానంతట అదే ఆగింది."

సుభానీ నవ్వు ఆపి, వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టాడు. దసరాకి ముందు కీ ఇచ్చిన వాచీ దసరా చూడదు. ఈమెకు కీ సంగతే తెలియదు. మరి మొన్నటిదాకా నన్ను నడిపిన వేళ్ళు ఎవరివి? ఇన్నేళ్ళు కీ ఇచ్చిన హైమావతి సెల్ మాట ఎందుకంది?

"సైజు చూద్దాం" అని గొణుగుతూ వెనక మూత తీశాడు. తీయగానే తుమ్మాడు. అద్దం కంటి నుంచి జారిపడేంత తుమ్ము. మళ్ళీ పెట్టుకుని చూశాడు. మొన్న వేసవిలో తనే తుడిచి నూనె పెట్టిన చక్రాల మీద ఎర్రటి దుమ్ము పేరుకుని ఉంది.

"దీన్ని ఎక్కడ పెట్టావమ్మా?"

"బీరువాలోనే."

ఈమె ఎవరి భార్యో అతనికి అప్పుడు గుర్తొచ్చింది. పున్నారావు అంటే ఎవరో, వాయిదా ఎప్పుడో బజారంతా తెలుసు. నన్ను మెల్లగా ఆమె వైపు తోశాడు. "సెల్ స్టాకు లేదమ్మా. పండగ పోయినాక రా."

పండగ పోయినాక ఏమీ ఉండదు సుభానీ. నాకు నోరుంటే అరిచేదాన్ని.

కోటేశ్వరి చెయ్యి చాపింది. సుభానీ మూత పెట్టబోయాడు. పెట్టలేకపోయాడు. దుమ్ముపట్టిన మిషనును మూసి ఇవ్వడం అతనికి చేతకాదు. ఇదే మనుషుల్లో విచిత్రం. ధైర్యం లేనివాణ్ణి కూడా చేతి అలవాటు ఒక్కోసారి నిలబెడుతుంది.

"ఉండు. తుడిచిస్తా" అని నన్ను విప్పడం మొదలుపెట్టాడు.

ముళ్ళు ఊడాయి. డయల్ ఊడింది. ఊగే చక్రాన్ని పట్టకారుతో ఎత్తాడు. స్ప్రింగు తీసి చూశాడు. తెగలేదు, తుప్పు లేదు. ఊరికే ఖాళీ అయింది, అంతే. నన్ను విప్పిన ప్రతిసారీ ఇక మళ్ళీ కలవనేమోనని భయపడతాను. ఈసారి మాత్రం ఇంకా విప్పు అనుకున్నాను. ముక్కలుగా ఉన్నంతసేపు ఈమె నన్ను తీసుకుని వెళ్ళలేదు.

సుభానీ గిన్నెలో పెట్రోలు పోశాడు. నా చక్రాలు అందులో వేశాడు. వాసన గుప్పున లేచింది.

కోటేశ్వరి వెనక్కి జరిగింది. "పెట్రోలా అది?"

"వాచీలకు స్నానం ఇదే అమ్మాయ్."

"మా ఇంట్లో కూడా… డబ్బా…" ఆగిపోయింది. "ఇచ్చెయ్యండి నా వాచీ. నేను పోవాల."

"కదలమాకు!" సుభానీ అరిచాడు. "స్క్రూ పడింది. చెప్పు కింద పడితే పోయినట్టే."

ఆమె ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగింది. స్క్రూ పడలేదు. అతని ఎడమ గుప్పిట్లో ఉంది. సుభానీ బల్ల కింద నుంచి దూరి, ఆమె కాళ్ళ ముందు నేలమీద కూర్చుని, వెతుకుతున్నట్టు చేత్తో తడుముతూ, తల ఎత్తకుండా మాట్లాడాడు.

"అమ్మాయ్, ఈ వాచీకి సెల్ ఉండదు. రోజూ కీ ఇవ్వాల. ఇన్నాళ్ళూ ఎవరో ఇచ్చారు. మిరప దుమ్ములో కూర్చుని ఇచ్చారు. సిస్టరమ్మ ఎక్కడుంది?"

కోటేశ్వరి చెయ్యి నడుముకున్న తాళంచెవి మీదికి పోయింది.

"మీ ఇంట్లో డబ్బా ఎందుకు తెచ్చాడు మీ ఆయన?"

"నాకు తెలవదు." తర్వాత చాలా మెల్లగా, "రేపు నన్ను పుట్టింటికి పొమ్మన్నాడు" అంది. ఆ మాట ఆమె నోటి నుంచి ఆమె చెవికి చేరాక, దాని అర్థం ఏమిటో అప్పుడే తెలిసినట్టుంది. ఎత్తి ఉంచిన కాలు కింద పెట్టేసింది. "మీరు పోలీసులకు నా పేరు చెప్తారా? నాకు భయం."

"నాకూ భయమేనమ్మా. నీకంటే ఎక్కువ."

కోటేశ్వరి నడుము దగ్గర తడుముకుని తాళంచెవి తీసింది. సుభానీ కుడిచేతిలో పెట్టింది. గోడౌను ఎక్కడుందో చెప్పింది. ఎడమచేతిలోని స్క్రూను అతను జాగ్రత్తగా డబ్బీలో వేసి, ఆసుపత్రికి ఫోను చేశాడు. హెడ్ నర్సు రూత్ సిస్టర్‌తో మాట్లాడాడు. తర్వాత షట్టరు దించి ఇద్దరూ వెళ్ళిపోయారు.

నన్ను ముక్కలుగా వదిలేసి.

ఆ పగలంతా నేను చెప్పలేను. చక్రాలు పెట్రోలులో, స్ప్రింగు కాగితం మీద, ఊగే చక్రం గాజుమూత కింద. తాళం తెరిచారో లేదో తెలియదు. పున్నారావు ఒక రోజు ముందే తొందరపడ్డాడేమో తెలియదు. బజారులో ఏ టపాకాయ పేలినా, అదేనేమో అనుకున్నాను. షట్టరు సందులోంచి పడిన ఎండ బల్ల మీదుగా పాకి గోడ ఎక్కింది. టైము చెప్పాల్సిన నాకు టైము తెలియలేదు.

షట్టరు లేచింది. సుభానీ ఒక్క మాటా లేకుండా చేతులు కడుక్కుని కూర్చున్నాడు. చక్రాలు తుడిచాడు. ఒక్కొక్కటీ అమర్చబోతే వేళ్ళు వణికి జారిపోతున్నాయి. ఎందుకు మాట్లాడడు? మాట్లాడలేనంత జరిగిందా?

అప్పుడు ఇంకో చెయ్యి వచ్చి అతని మణికట్టును కింద నుంచి పట్టుకుంది. మిరప ఘాటు వాసన.

"ఊపిరి బిగబట్టు సుభానీ. సూది గుచ్చేటప్పుడు మేమూ అంతే" అంది బొంగురుపోయిన గొంతు.

ఊగే చక్రం తన చోట కూర్చుంది. నూనె చుక్క పడింది. వేళ్ళు నా కీని పట్టుకున్నాయి. ఆఖరి తిప్పు దగ్గర మెత్తబడ్డాయి. ఆ వేళ్ళు నాకు తెలుసు.

అప్పటికి గానీ సుభానీ నోరు పెగల్లేదు. పెగిలాక ఆగలేదు. అంబులెన్సు నిండా నర్సులు వెళ్ళారట. పోలీసులు వెనకాల వచ్చారట. "గేటు దగ్గర వాడు కర్ర ఎత్తాడు సిస్టరమ్మా! రూత్ సిస్టర్ ఏమందో తెలుసా? 'లోపల పురుడొస్తంది, తప్పుకోరా' అంది. వాడు దణ్ణం పెట్టి తప్పుకున్నాడు!" తను అంబులెన్సులో సీటు కింద దాక్కున్న సంగతి మాత్రం చెప్పలేదు. రూత్ సిస్టర్ తర్వాత చెప్పింది.

వాయిదా రోజు హైమావతి బోనులో నిలబడి చూసింది చూసినట్టు చెప్పింది. ఆ తర్వాత కోటేశ్వరి నిలబడి డబ్బా సంగతి, తాళం సంగతి చెప్పింది. పున్నారావు ఎవరినీ చూడలేదు, కోటేశ్వరిని తప్ప. అతనికి శిక్ష పడింది. కోటేశ్వరికి ఆసుపత్రిలో ఆయా పని దొరికింది.

హైమావతి నన్ను ఆమె చేతికి కట్టింది. "ఈసారి నిజంగానే ఇస్తున్నా. రోజూ పొద్దున కీ ఇచ్చి, డ్యూటీకి రాగానే నాకు చూపించు."

"ఎందుకక్కా?"

"ఇది తిరుగుతుంటే నువ్వు బాగున్నట్టు."

అప్పటి నుంచి అదే మా పద్ధతి. కోటేశ్వరి చెయ్యి చాపుతుంది. హైమావతి నన్ను చెవికి ఆనించుకుంటుంది, వేళ్ళతో ఆమె నాడి చూస్తుంది. ఇద్దరం సరిగా ఉన్నామని తేలాక పనిలోకి పంపుతుంది.

పై కోర్టులో అప్పీలు వేసి పున్నారావు బెయిలు మీద బయటికి వచ్చాడు. నిన్న సాయంత్రం కోటేశ్వరి ఉండే ఈ సందు చివర కారు ఆగింది. అద్దం దిగింది, మళ్ళీ పైకి లేచింది. కోటేశ్వరి తలుపు గడియ పెట్టి, కుర్చీ అడ్డం పెట్టి, నన్ను విప్పి ఎప్పటిలాగే కిటికీ గూట్లో పెట్టింది.

ఇప్పుడు తెల్లారింది. పాలవాడు వచ్చి పోయాడు. కుళాయి దగ్గర బిందెల గోల అయిపోయింది. ఈపాటికి ఆమె రావాలి. నా స్ప్రింగు వదులవుతోంది. లోపలి గదిలో అడుగులు. బరువుగా ఉన్నాయి. గూటి ముందు ఆగాయి.

వేళ్ళు నన్ను ఎత్తుకున్నాయి. కీని పట్టుకున్నాయి.

వణుకుతున్నాయి. ఫరవాలేదు. అవి ఆమెవే.